సుకన్య ఎడమ చేతికి గేర్ నాబ్

ఇరుగుడు చెట్టు చెక్క లేతు మీద తిరుగుతుంటే ఒక తీపి వాసన వస్తుంది.

ఎండిన ఆకుల వాసన... దాని వెనుక కాస్త పొగ.

ఎడపల్లిలో రామ్‌దాస్ లేతు మిషన్ చుట్టూ ఎప్పుడూ అదే వాసన. మంచం కోళ్లు, చపాతీ కర్రలు, ఉయ్యాల గుబ్బలు — చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా అతను తిప్పిన చెక్క ఒకటి ఉంటుంది.

ఈసారి చేస్తున్నది భార్య సుకన్య వ్యానుకి గేర్ నాబ్.

సుకన్య బడి వ్యాను నడిపేది. ఎడపల్లి నుంచి బోధన్‌కి, చెరుకు తోటల మధ్య రోడ్డు మీద, పిల్లల అరుపుల మధ్య. ఆడమనిషి నడుపుతదా అని నవ్వినవాళ్లే తర్వాత తమ పిల్లల్ని ఆమె వ్యాను ఎక్కించారు.

ఎండాకాలం సెలవుల్లో తన అన్న చెరుకురసం బండి దగ్గర సాయానికి నిలబడింది. మిషన్‌లోకి గడ పోయింది.

గడ వెంట చెయ్యి పోయింది.

ఎడమ చెయ్యి. బొటనవేలు మిగిలింది. చూపుడువేలు మిగిలింది. అంతే.

గాయం మానినా చేతిని కొంగు కిందే దాచుకుంది. భర్త ముందు కూడా.

ఒకరోజు వ్యాను ఎక్కి చూసింది. గేరుని ముందుకు తోయగలదు — దానికి అరచెయ్యి చాలు. వెనక్కి లాగాలంటేనే కష్టం. నున్నటి ప్లాస్టిక్ గుండు జారిపోతుంది. ఫస్ట్ పడుతుంది. సెకండ్ పడదు.

"అమ్మేద్దాం" అన్నది.

రామ్‌దాస్ చెక్క తీసిండు.

గుండ్రంగా చేసి చూసిండు — జారింది. లావుగా చేసిండు — ఇంకా జారింది.

"నీ చెయ్యి సూపియ్యి" అన్నడు.

"వద్దు."

"సూడకుంట ఎట్ల జెయ్యాలె?"

ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాడు.

వచ్చింది — చపాతీ పిండి ముద్దతో.

కొంగు పక్కకు తీసింది. ముద్దని ఎడమ చేత పట్టి, గేరు లాగినట్టు, బలంగా తనవైపు లాగింది.

పిండి మీద ఆమె పట్టు నిలిచింది. బొటనవేలు దిగిన గుంట. చూపుడువేలు వంగిన గాడి. వేళ్లు లేని చోట — పొలం గట్టులా ఒక పొంగు.

రామ్‌దాస్ ఆ ముద్దని చూస్తూ ఉండిపోయాడు. పోయిన వేళ్ల కోసం అతను లోలోపల ఏడుస్తున్న రోజులన్నీ... ఆమె ఉన్న వేళ్లతో పట్టు వెతుక్కుంటూనే ఉంది.

లేతు మిషన్ ఆపేశాడు. అది గుండ్రమే చేస్తుంది. ఉలి అందుకున్నాడు. ఆకురాయి. ఉప్పుకాగితం. గేరు రాడ్డు మీద తిరిగి బిగుసుకునేలా అడుగున ఇనుప నట్టు దించి జిగురు పోశాడు.

"పట్టు."

పట్టేది.

"ఈడ గుచ్చుతున్నది."

గీకేవాడు.

"ఇంక జరంత."

అవిసె నూనె రుద్దితే చెక్క ముదురు బెల్లం రంగు తేలింది. ఆ చెయ్యి మళ్లీ కొంగు కిందకు పోలేదు. దాచుకోవడం ఎప్పుడు మానేసిందో ఇద్దరికీ తెలియదు.

వ్యానులో బిగించారు. క్లచ్చు తొక్కి లాగింది.

ఠక్.

సెకండ్ పడింది. నమ్మకం చాలక మళ్లీ తీసి, మళ్లీ వేసింది.

బడి తెరిచిన పొద్దున పెందలాడే, అందరికన్నా ముందు రాధాబాయి ఇంటి ముందు హారన్ కొట్టింది. రాధాబాయి తన కూతురు సంజనని పట్టుకుని గేటు దగ్గరే ఆగింది. చూపు సుకన్య చేతి మీద. సుకన్య చెయ్యి నాబ్ మీద.

"అక్కా... ఏమనుకోకు. సిన్న పిల్లలు గద."

"ఏమనుకోను చెల్లె. పిల్లను ఇంట్ల ఉంచు. నువ్వు ఎక్కు. బోధన్ దాంక పోయొద్దాం. నీకు భయమైతే రేపటి సంది ఈడ హారన్ కొట్ట."

రాధాబాయి పిల్లను అత్తకు అప్పజెప్పి, ముందు సీట్లో కూర్చుంది.

తొలకరికి తడిసిన రోడ్డు. అటూ ఇటూ మోకాలెత్తు చెరుకు. మలుపు దగ్గర ట్రాక్టర్ అడ్డం వచ్చింది — బ్రేకు, క్లచ్చు, థర్డ్ నుంచి సెకండ్‌కి లాగింది. పడింది. ట్రాక్టర్ దాటింది. మళ్లీ థర్డ్.

రాధాబాయి రోడ్డు చూడటం లేదు. ఆ చేతినే చూస్తోంది.

"జర మెల్లగ, అక్కా."

"ఫోర్త్ ఇంక ఎయ్యనే లేదు" అన్నది సుకన్య.

ఆ చెయ్యి గేరుని వెనక్కి లాగింది.