గాలివాటున ఆరిన గుడ్డ

నాంచారమ్మ పెరుగన్నం డబ్బాను రెండు కవర్లలో చుట్టి సంచి అడుగున నిలబెట్టింది. దాని పక్కన నీళ్ళ సీసా, పైన ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకం. హాల్‌టికెట్టు, పెన్నులు ఉన్న జిప్పు కవరును లోపల పెట్టి, మళ్ళీ తీసి చూసింది.

"అది ఎక్కడికీ పోదత్తయ్యా," అంది కోడలు భానుశ్రీ, జడ వేసుకుంటూ.

"పోతాయమ్మా. చూస్తుండగానే పోతాయి."

ఇంట్లో ఎవరు బయలుదేరినా నాంచారమ్మ సంచి రెండుసార్లు చూసుకుంటుంది. భర్త భావనారాయణ మిరపకాయ టిక్కీ బస్తాలతో గుంటూరు యార్డుకు వెళుతూ లారీ బోల్తాపడి పోయాడు. ఆ పొద్దున అతని సంచి సర్దింది కూడా ఆమే.

భానుశ్రీ కంప్యూటర్ ఇంజనీరింగు మూడో ఏట ఉండగా పెళ్ళయి వచ్చింది. మిగిలిపోయిన పేపర్లు ఈ ఇంట్లో ఉండే ఒక్కొక్కటీ రాసింది. ఇదొక్కటే ఉంది. ఇదే ఆఖరి అవకాశమని యూనివర్సిటీ వాళ్ళు చెప్పేశారు. పాసైతే హైదరాబాదులో తన ఆఫీసులోనే ఉద్యోగం చూస్తానని స్నేహితురాలు ఆరాధన మాటిచ్చింది.

వసారాలో బండి తాళం తిప్పుకుంటూ నిలబడ్డాడు కొడుకు సురేంద్ర. "ఈసారీ పోయిందంటే పుస్తకాలన్నీ పాత పేపర్లోడికే. ఆ తర్వాత కళ్లంలో కూచుని తాలుకాయలు ఏరుకోటమే. ముందే చెప్తన్నా."

"నోరు మంచిది చేసుకోరా. బండి తియ్యి," అంది తల్లి.

అప్పుడే ఆమెకు పరీక్ష హాల్లో ఉక్క గుర్తొచ్చింది. పోయినసారి చెమట కారి కాగితం తడిసిందని భానుశ్రీ చెప్పింది. గబగబా పెరట్లోకి వెళ్ళి దండెం మీద ఆరిన పాత నేతచీర ముక్క లాగింది. ముక్కు దగ్గర పెట్టుకు చూసింది. శుభ్రంగానే ఉందనుకుని మడిచి సంచి పక్క జేబులో పెట్టింది.

"మొహం తుడుచుకోటానికి. మెత్తగా ఉంటుంది."

భానుశ్రీ ఆమె భుజం మీద ఒక్క క్షణం తల ఆనించి, ఒంగోలు బస్సు అందుకోవడానికి బండెక్కింది.

ఇంటి వెనకే మిరపకాయలు ఆరబోసిన కళ్లం. చలికాలమంతా కోడలి వంతు పని కూడా నాంచారమ్మే చేసింది. ఆమె రంగుపోయిన తాలుకాయలు ఏరుతుంటే భానుశ్రీ పక్కన కూర్చుని పైకి చదివేది.

"ఒకడి దగ్గర తాడుంది, ఇంకొకడి దగ్గర చేద ఉంది. ఇద్దరికీ నీళ్ళు కావాలి. ఎవడూ తనది వదలడు. దాన్నే డెడ్‌లాక్ అంటారత్తయ్యా."

"మరి దాహంతో ఇద్దరూ చావాల్సిందేనా?"

"ఒకణ్ణి చంపేస్తే రెండోవాడు బతుకుతాడు. పుస్తకంలో జవాబు అదే."

"ఇదేం చదువే తల్లీ!" అని ఇద్దరూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు.

ఎండెక్కాక కూలికి మాబూబీ వచ్చింది. కాయలు తిరగెయ్యగానే ముక్కులు మండించే మిరపదుమ్ము, కోరు, లేచింది. మాబూబీ తెరలు తెరలుగా తుమ్మింది. నాంచారమ్మ నిశ్చింతగా కాళ్ళతో కాయలు నెరుపుతూనే ఉంది. పెళ్ళయిన ఏడు నుంచి ఈ కోరులోనే ఆమె ఊపిరి. ఎప్పుడు పోయిందో తెలియదు గాని, ఆమె ముక్కుకు ఘాటు తగలడం మానేసింది.

"నీది ముక్కా, గోడా పిన్నీ?" అంటూ మాబూబీ మొహం తుడుచుకోవడానికి దండెం మీది తువ్వాలు అందుకుంది. మరుక్షణం "అబ్బా!" అని దాన్ని విసిరికొట్టి కుండ దగ్గరికి పరుగెత్తింది. "రాత్రి గాలి తిరిగింది పిన్నీ! కళ్లం మీద నుంచి ఇటే కొట్టింది. ఈ బట్టలన్నిటికీ కోరు పట్టింది. మొహం భగ్గుమంటంది!"

నాంచారమ్మ ఖాళీగా ఉన్న దండెం కొస వైపు చూసింది. గాలివాటున బట్టలు ఆరెయ్యకూడదని కోడలు కాపురానికొచ్చిన రోజున చెప్పింది తనే.

ఫోను కోసం ఇంట్లోకి పరుగెత్తింది. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే గొంతు. పరీక్ష మొదలైపోయింది.

మధ్యాహ్నం అన్నం తినలేదు. ఫోను ఒడిలో పెట్టుకుని కాయలు ఏరింది. ఎర్రవేవో తాలువేవో కలిసిపోతుంటే మాబూబీ సరిచేసింది.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది.

"ఆ గుడ్డ ఎక్కడిదత్తయ్యా?"

"దండెం మీదిదమ్మా. గాలి తిరిగిందని నేను..."

"కుళాయి దగ్గరే సగం టైము పోయింది. కళ్ళు తెరుచుకోలేదు. ఇంకో పది నిమిషాలు ఇవ్వమంటే ఇవ్వలేదు. రెండు ప్రశ్నలే రాశాను." అవతల బస్టాండు మైకు హైదరాబాదు బస్సని అరిచింది. "మీ అబ్బాయి చెప్తే పెట్టారా?"

"భానూ! ఏం మాటే అది? నాకు ఘాటు తెలియదే తల్లీ. వాసన చూసే పెట్టాను."

"మిరపకాయల్లో బతికే మనిషికి ఘాటు తెలియదా?"

ఏం చెప్పినా అబద్ధంలాగే వినిపిస్తుందని నాంచారమ్మకే అనిపించింది.

"పోనీలే. బస్సొచ్చింది," అంది భానుశ్రీ. ఫోను ఆగిపోయింది.

నాంచారమ్మ గుప్పెడు ఎండుకాయలు చిదిమి ముక్కు దగ్గర పెట్టుకుని, గుండెల నిండా పీల్చింది. ఏమీ కాలేదు. ఇంకోసారి పీల్చింది. గింజలు పెదవుల మీద రాలాయి, అంతే. కంట్లో చెమ్మ కూడా రాలేదు.

మంచు పడుతుందని సురేంద్ర పట్టా తెచ్చాడు. తల్లీకొడుకులు చెరో కొసా పట్టుకుని రాశి మీద కప్పారు.

"ఒంగోలు నుంచి అద్దంకి పోయే బస్సు వచ్చిపోయింది. ఇంకా రాలేదేంది?"

"వేరే బస్సు ఎక్కిందేమోరా."

"ఎట్టా రాసిందంట?"

ఆమె వంగి పట్టా అంచు మీద రాయి పెట్టింది.

ఉగాదికి ముందు శనివారం, పరీక్షకని ఒంగోలు వెళ్ళిన భానుశ్రీ ఆ రాత్రి రాలేదు. ఆ తరువాత కూడా ఎన్నడూ రాలేదు.