నూట అరవై తర్వాత పేజీలు

పెద్ద వరద వచ్చి పోయిన పదకొండో ఏడు అది. ఆ వరదే లైబ్రరీలో పుస్తకాలు కుట్టే బైండరు చెల్లెల్ని పట్టుకుపోయింది. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసేదా పిల్ల. తన సిద్ధాంత గ్రంథం చేతిరాత ప్రతిని అన్న చేతే కుట్టించుకుంది. చివర నలభై తెల్లకాగితాలు పెట్టమంది. ‘‘ఆఖరి అధ్యాయం ఇందులోనే రాస్తా అన్నయ్యా’’ అంది. రాయకుండానే పోయింది.

ఆ పదకొండో ఏడు లైబ్రరీలోని గ్రంథాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు. ఎక్కినవాటిని లోకమంతా చదువుకోవచ్చు. ఒకసారి ఎక్కాక మాత్రం ఒక్క అక్షరం చేర్చడానికి లేదు. చెల్లెలి పేరు అందులో ఉండాలని బైండరు లైబ్రేరియన్ గారి కాళ్లావేళ్లా పడ్డాడు. సగం పుస్తకమైనా సరేనన్నారాయన. గడువు రేపటితో సరి.

ఆ పొద్దున స్కానింగు అమ్మాయి పేజీలన్నీ స్కాన్ తీసింది. తెల్లకాగితం కనబడితే యంత్రం దానంతటదే వదిలేస్తుంది.

‘‘బాబాయ్, రాసిన పేజీలు ఎన్నన్నావు?’’

‘‘నూట అరవై.’’

‘‘నూట అరవై మూడొచ్చాయి. లెక్క కూడా రాదా నీకు?’’

‘‘నాకొచ్చు. నీ యంత్రానికే చత్వారం.’’

నవ్వుకున్నారు. భోజనాలయ్యాక మళ్లీ తీసింది. నూట అరవై ఎనిమిది. ఈసారి ఇద్దరూ నవ్వలేదు.

పుస్తకం తెరిచి చూశారు. నూట అరవై తర్వాత అన్నీ తెల్లగా, కుట్టిననాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. తెరమీద మాత్రం ఆ పేజీల్లో అక్షరాలున్నాయి, నీళ్లడుగున గులకరాళ్లలా మసగ్గా.

‘‘ఎవరి రాత బాబాయ్ ఇది?’’

బైండరు తెర దగ్గరికి వంగి చూశాడు. కొమ్ముల్ని అంత పొడుగ్గా సాగదీసేది వాళ్లింట్లో ఒక్కతే.

ఆఖరి వాక్యం సగంలో ఆగి ఉంది. అమ్మాయి ఇంకోసారి తీసింది. వాక్యం పూర్తయింది. కింద మరొకటి మొదలైంది.

‘‘ఉన్నంతవరకు ఎక్కించేద్దాం బాబాయ్. నాకు ఒళ్లు జలదరిస్తోంది.’’

‘‘ఎక్కిస్తే ఇంక రాయడానికి ఉండదు కదమ్మా.’’

‘‘ఎక్కించకపోతే పేరే ఉండదు!’’

బైండరు తెల్లకాగితం మీద అరచెయ్యి ఆనించాడు. ఎవరో ఇప్పుడే చెయ్యి తీసినట్టు వెచ్చగా ఉంది.

మర్నాడు పొద్దున్నే లైబ్రేరియన్ గారి గదికి వెళ్లి, ఎక్కించాల్సిన పుస్తకాల జాబితాలో చెల్లెలి పేరు మీద తన చేత్తోనే గీత కొట్టాడు.

‘‘అదేంటయ్యా, అంతలా కాళ్లు పట్టుకున్నావు!’’ అన్నారాయన.

‘‘ఇంకా అవలేదండి’’ అన్నాడు.

పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికి పోయాడు. కిటికీ పక్క బల్లమీద, తెల్లకాగితం దగ్గర తెరిచి పెట్టి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.