ఆఫ్ అంటే ఆఫే

గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి, రెండూ కలిస్తే పైకి ఇవ్వడం కాదు, వదిలేయడం, ఇందులో ఇచ్చిందీ లేదు, పైకెత్తిందీ లేదు, అయినా తప్పు పట్టడానికేముంది, మనం తిట్టిపోసినప్పుడు పోసేది ఏ చెంబుతో, చేయి చేసుకున్నాడంటే వాడేమైనా కొత్తగా చేయి తయారుచేసుకున్నాడా, పడుకున్నవాడు ఎక్కణ్నుంచైనా పడ్డాడా, మాటలన్నీ ఇంతే, విడిగా ఒకటి, జోడు కడితే ఇంకొకటి, దొరల భాషైనా కొండ భాషైనా, అనుకున్నాడు మంగ్లు, అనుకుని అరకులో ఆ గెస్టుహౌసు వరండా బల్ల మీద నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాడు, లోపల గుహలు చూపించే గైడు ఉద్యోగాలకు ఇంటర్వ్యూ జరుగుతోంది, ఉన్నవి రెండు, వరండాలో పదకొండు మంది, అందరూ టక్కు చేసుకున్న చొక్కాలు, డిగ్రీలు, వీళ్ళలో ఒక్కడికైనా గుహలో ఏ మలుపు దగ్గర నీరు కారుతుందో తెలుసా, తనకు తెలుసు, ఊరి బడిలో ఎనిమిదితో ఆగిపోయినా తనకు మూడు భాషలు, ఇంట్లో ఆదివాసీ ఒడియా, సంతలో తెలుగు, యాభయ్యో ఏట ఈ ఇంగ్లీషు, అదీ జోడు మాటలతో సహా, ఈ ఉద్యోగం తనదే, అనుమానం లేదు.

ఆ జోడు మాటలు నేర్పింది నిర్మల, బామ్మర్ది భీమన్న కూతురు, హుకుంపేట దగ్గర ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరు, ఆరు నెలలుగా ప్రతి సంతకీ ఒక పేజీ రాసి తెస్తుంది, లుక్ ఒక పేజీ, టేక్ ఒక పేజీ, టర్న్ ఒక పేజీ, చింతపండు గంపల పక్కన కూర్చోబెట్టి అప్పజెప్పించుకుంటుంది, లుక్ ఆఫ్టర్ అంటే ఏటి మావా, ఎనకాల సూడ్డం, కాదు మావా, బాగోగులు సూసుకోడం, అయితే మీ నాన్నకి ఆ మాట పనికిరాదు, ఆడు ఎనకాల సూసే రకమే, మా నాన్నని తిట్టకుండా ఒక్క పేజీ అయినా అప్పజెప్తావేటి నువ్వు, అని ఆ గుంట నవ్వుతుంది, నవ్వనీ, భీమన్నతో తను మాట్లాడక ఆరేళ్ళు, ఇక ముందూ మాట్లాడడు, సొంత అక్క మంచం పట్టి ఉంటే ఆసుపత్రి వార్డులో అందరి ముందూ తనని అనరాని మాట అన్నవాణ్ణి క్షమించే పని లేదు, ఆ డాక్టరునీ అంతే, తెలుగు తెలియని వాడొచ్చి ఇంగ్లీషులో ఒక్క ముక్క అని తన భార్య దేముడమ్మను చంపాడు, అందుకే ఈ భాష పట్టాడు, రేపు ఏ దొర ఏమన్నా ముఖానే జవాబు చెప్పాలి.

తొంభయ్యారు వానాకాలం చివర, కడుపులో గడ్డ, కొండ దిగి పట్నం ఆసుపత్రి, శుక్రవారం ఆపరేషన్ అన్నారు, శుక్రవారం పొద్దున ఆ డాక్టరు మంచం దగ్గర నిలబడి చీటీలోకి చూస్తూ అన్నాడు, ఆపరేషన్ పుట్ ఆఫ్, టిల్ మండే, ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది, అని చక్కా వెళ్ళిపోయాడు, ఏటన్నాడు బావా అని భీమన్న, ఆపరేషన్ నేదన్నాడు, ఆఫ్ అన్నాడు ఇనలేదేటి, మనూరికి కరెంటొచ్చి రెండేళ్ళయింది, స్విచ్చి మీద నువ్వు సూళ్ళేదేటి, ఆఫ్ అంటే ఆఫే, మరి మండే అన్నాడు గదా, మండే అంటే సోమారం గదా బావా, అవును, సోమారం దాకా బతుకుద్దన్నాడు, అంతే, ఆగు బావా, నర్సమ్మ వత్తాది, అడుగుదాం, ఆగు, ఎవుర్నడగాలి, ఎనిమిది సదివినోణ్ణి నేను, నువ్వు రెండులో బడి మానేసినోడివి, నువ్వా నాకు ఇంగ్లీసు సెప్పేది, అప్పుడన్నాడు భీమన్న వార్డంతా వినబడేలా, నీకు ఇంగ్లీసు రాదు బావా, పొగరొకటే వచ్చు, అని, మంచం మీంచి దేముడమ్మ ఏటన్నారు అని అడిగింది, ఇంటికెళ్ళిపోమన్నారు అని తను, అయితే బేగి పోదాం, సోళ్ళు కోతకొచ్చేసుంటాయి, అంది, సోళ్ళ గురించే అంది, ఎవరికీ చెప్పకుండా మధ్యాహ్నం బస్సెక్కించాడు.

సోమవారం వచ్చింది, దేముడమ్మ లేచి కూర్చుంది, చోడి అంబలి గిన్నెడు తాగింది, మంగళవారం గుమ్మం దాటి ఎండలోకి వచ్చింది, అరుగు మీద కూర్చుని కోళ్ళను అదిలించింది, చూశావా, డాక్టరు పెట్టిన గడువు దాటించాడు తను, వేళ్ళు నూరి పోశాడు, దుంప అరగదీసి పట్టు వేశాడు, సోమవారం తర్వాత తొమ్మిది రోజులు నిలబెట్టాడు, ఈ మాట ఆరేళ్ళుగా ఎవరు అడిగినా చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు, ఆడు సోమారమన్నాడు, నేను తొమ్మిది రోజులు ఎక్కువ బతికించాను, జీవితంలో తను గెలిచింది ఏదైనా ఉంటే ఆ తొమ్మిది రోజులే, వాటి మీద ఎవరినీ చేయి వేయనివ్వడు.

తర్వాత మీరే, రెడీగా ఉండండి, అన్నాడు బంట్రోతు, రెడీగానే ఉన్నాడు, నిన్న సంతలో నిర్మల ఇచ్చిన పేజీ ఒక్కటే చూడాలి, ఆఖరిది, పుట్, పెట్టడం, అది తెలిసిందే, పుట్ ఆన్, తొడుక్కోవడం, పుట్ అవుట్, ఆర్పడం, దీపం, మంట, ఓహో, ఆర్పడానికి అవుట్ అంటారన్నమాట, మరి ఆఫ్, ఆఫ్ కింది వరసలో ఉంది, పుట్ ఆఫ్, వాయిదా వేయడం, పక్కనే నిర్మల గుండ్రటి అక్షరాలతో ఒక ఉదాహరణ, వాన వల్ల ఆటలు పుట్ ఆఫ్ టిల్ మండే, కింద తెలుగు, వాన వల్ల ఆటలు సోమవారానికి వాయిదా, తప్పు, గుంట తొందరలో తప్పు రాసింది, నిర్మల తప్పు రాయదు, ఆరు నెలల్లో ఒక్కటీ తప్పు రాయలేదు, ఆఫ్ అంటే ఆఫే, స్విచ్చి, టిల్ మండే, సోమవారానికి, సోమవారం దేముడమ్మ అంబలి తాగింది, ఆ పూట అక్కడ ఎవరో చీటీ పట్టుకుని వార్డు గుమ్మంలో దేముడమ్మ, దేముడమ్మ అని పిలిచి ఉంటారు, ఖాళీ మంచం చూసి ఉంటారు, మంగళవారం ఎండలో కూర్చుంది, కూర్చోగలిగిన మనిషి బస్సులో కూర్చోలేదా, బుధవారం కూడా కూర్చుంది, గురువారం, వద్దు, ఇక వద్దు, మంగ్లు, మంగ్లు ఎవరండీ, పిలుస్తుంటే వినబడదా.

లోపల ముగ్గురు, మధ్యాయన పేరు అడిగాడు, ఊరు అడిగాడు, గుహలో దారులు అడిగాడు, అన్నీ చెప్పాడు, ఎలా చెప్పాడో తెలియదు, సరే, భారీ వాన, గుహలోకి నీళ్ళొచ్చాయి, విదేశీయులు వచ్చి నిలబడ్డారు, లోపలికి పంపకూడదు, ఇంగ్లీషులో ఏం చెబుతావు, నోరు తనంతట తానే తెరుచుకుంది, టూర్ పుట్ ఆఫ్ సార్, టిల్ మండే, ఆయన కళ్ళజోడు తీసి తనకేసి చూశాడు, బాగుందే, ఎవరు నేర్పారయ్యా, అయినా క్యాన్సిల్ అంటే సరిపోతుంది కదా, అందరికీ తెలిసిన మాట, సరిపోదు సార్, గొంతు తనదే, గట్టిగానే ఉంది, క్యాన్సిలంటే పొమ్మనడం సార్, ఇది మళ్ళీ రమ్మనడం, రమ్మన్నదాన్ని పొమ్మన్నారనుకుంటే, అని ఆగాడు, అనుకుంటే ఏమవుతుందయ్యా, అన్నాడాయన నవ్వుతూ, రారు సార్, అన్నాడు మంగ్లు, ఆయన తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు, పక్కాయన కూడా రాసుకున్నాడు, ఉద్యోగం వచ్చినట్టే, ముఖాల్లో తెలిసిపోతోంది, వెళ్ళొచ్చు అన్నారు, లేచాడు, కుర్చీ వెనక్కి జరిపాడు, డాక్టరు పొమ్మనలేదు, భీమన్న ఆగు అన్నాడు, రెండుసార్లు అన్నాడు, దేముడమ్మ సోమవారం దాటి తొమ్మిది రోజులు ఆగింది, ఆగనిది తనొక్కడే.