తడిసిన కుట్టు

వసారాలో తొమ్మిది విస్తళ్ళు పరిచారు. పదో ఆటగాడు సొలొమోను గొడ్లసావిడి అరుగు మీద కూర్చుని, సంచిలోంచి సత్తు కంచం, సత్తు గ్లాసు తీసి తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. ఒంటి మీద మాత్రం ఆ తొమ్మిదిమంది వేసుకున్న నీలం బనీనే ఉంది. వీపు మీద తెల్లగుడ్డతో కుట్టిన ఎనిమిదో నంబరు. గేదె ఒకటి ఆ నంబరును వాసన చూసి మళ్ళీ మేతలో మూతి పెట్టింది. మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. నాలుగింటికి బెజవాడ జట్టుతో ఫైనలు.

నందిగామ కాలేజీ పెట్టిన మూడో ఏడే బాస్కెట్‌బాల్ జట్టు కాలేజీల పోటీల్లో ఫైనలుదాకా వచ్చిందంటే మాటలా! అందులో సగం గొప్ప తమ ఇంటి అన్నానిదేనని కాలేజీ కమిటీ సెక్రటరీ చెన్నకేశవరావుగారి నమ్మకం. బనీన్లు ఆయనవే, బంతి ఆయనదే. గెలిచిన ప్రతిసారీ జట్టుకు తన ఇంట్లో భోజనం పెట్టేవాడు. ఫైనలుకని ముందే పెడుతున్నాడు, శుభమని. అది 1967 డిసెంబరు. అంటరానితనం నేరమని చట్టం వచ్చి పన్నెండేళ్ళు దాటింది. ఆ చట్టం సంగతి కాలేజీ నోటీసు బోర్డులో కూడా అంటించారు. ఎవరింటి సావిట్లో మాత్రం అంటిస్తారు?

సొలొమోనుది చిల్లకల్లు మాదిగపల్లె. నందిగామ హాస్టల్లో ఉండి బి.ఎ. రెండో ఏడు చదువుతున్నాడు. ఈ అరుగు మీద అతనికిది ఐదో భోజనం. మొదటిసారి ముద్ద గొంతు దిగలేదు. రెండోసారి దిగింది. మూడోసారి పప్పులో ఉప్పు తక్కువైందని కూడా తెలిసింది. అలవాటైపోయిందా అంటే అదీ కాదు. కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుందే, అలా లోపల ఏదో తిమ్మిరెక్కింది. గిచ్చినా తెలియడం లేదు. తెలియకపోవడమే మేలనుకున్నాడు.

ఎందుకంటే ఈరోజు ఆట చూడ్డానికి యూనివర్సిటీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు, జట్టుకు కుర్రాళ్ళను ఏరడానికి. యూనివర్సిటీ బనీను ఒక్కసారి ఒంటి మీద పడితే రైల్వేవాళ్ళు పిలిచి ఉద్యోగమిస్తున్నారు. కిందటేడు బెజవాడ కుర్రాడొకడికి అలాగే వచ్చింది, నెలకు నూట అరవై. సొలొమోను తండ్రి సాంబయ్య చెప్పులు కుట్టి తెచ్చేది మంచిరోజున రెండు రూపాయలు. లెక్క ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఈ సాయంత్రం నలభై నిమిషాలు ఒళ్ళు దాచుకోకుండా ఆడాలి. తక్కినదంతా అరుగు మీద వదిలెయ్యాలి.

వసారాలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. అందరికంటే గట్టిగా నవ్వేది కెప్టెన్ భవానీప్రసాద్, చెన్నకేశవరావుగారి మేనల్లుడు. మంచివాడే. ఆటలో సొలొమోను బుట్టలో బంతి వేస్తే పరిగెత్తుకొచ్చి మెడకు చెయ్యి వేసి కుదిపేస్తాడు. ఒకళ్ళ చెమట ఒకళ్ళకంటుతుంది, ఎవరికీ ఏ దోషమూ తగలదు. సున్నం గీత దాటి బయటికొచ్చాడా, ఆ చెయ్యి ఎక్కడికి పోతుందో పోతుంది. మంచినీళ్ళప్పుడు కుండలోంచి చెంబుతో తీసి, ఎత్తునుంచి సొలొమోను దోసిట్లో పోస్తాడు. ఆటంతా తన చేతుల్లోకి బంతి విసిరినవాడు నీళ్ళు పొయ్యడానికి అంత ఎత్తు ఎందుకు వెతుక్కుంటాడో సొలొమోను మొదట్లో ఆలోచించేవాడు. ఇప్పుడు ఆలోచించడం లేదు.

ఇదిలా ఉండగా లోపల్నుంచి చెన్నకేశవరావుగారి తల్లి సత్యనారాయణమ్మ ఇత్తడి గంగాళం మోయించుకుని వాకిట్లోకొచ్చింది. పాలేరు బ్రహ్మయ్య ముసలివాడు, ఆయాసపడుతూ గంగాళం దించాడు. దాన్నిండా పసుపునీళ్ళు. పక్కన పీట మీద బంతి.

ఆ బంతి కథ చెప్పాలి. మూడురోజుల కిందట సెమీఫైనల్లో దాని తోలు రెండు బద్దల మధ్య జానెడు మేర చిట్లింది. బెజవాడ వెళ్ళి కొత్తది కొనుక్కొస్తే ఒక్కపూట పని. చెన్నకేశవరావుగారు ఒప్పుకోలేదు. "ఈ బంతితోనే గెలిచాం, ఈ బంతితోనే ఆడాలి. కలిసొచ్చిన వస్తువును మారుస్తారటయ్యా?" అన్నాడు. దాంతో డ్రిల్లు మాస్టరు తిరుపతిరావు సొలొమోను చేత చిల్లకల్లుకు కబురు పెట్టించాడు. సాంబయ్య నిన్న పొద్దున లారీ ఎక్కి వచ్చి, కాలేజీ షెడ్డు ముందు ఎండలో కూర్చుని, పాత కుట్టంతా ఊడదీసి, మైనం పట్టించిన జంటదారంతో మళ్ళీ కుట్టాడు. సొలొమోను తోలు సాగదీసి పట్టుకున్నాడు. తోలు కుట్టే ఆరె దిగిన ప్రతిచోటా బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు సాంబయ్య. చివర్న ఆముదం రాసి, గుడ్డతో తుడిచి, రెండు చేతులా మాస్టరుకందించాడు.

"రెండ్రోజులు నీళ్ళు తగలనీకండయ్యా. మైనం గట్టిపడాల. ఆనక వానలో ఆడినా ఏం కాదు."

"ఎంతిమ్మంటావ్?"

"పిల్లోడి ఆట కదండీ, డబ్బులేంటండీ" అన్నాడు సాంబయ్య, నవ్వుతూ.

ఇప్పుడా బంతికి సత్యనారాయణమ్మ శుద్ధి చేస్తోంది. "మాదిగోడు కుట్టినదాన్ని మావాడు చేత్తో పట్టుకుని ఆడాలా? మూడు మునకలు వేయిస్తే సరి" అంటోంది. బంతి తయారైన జలంధరులో దాన్ని మొట్టమొదట కుట్టినవాడెవడో ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఊరూ పేరూ తెలియని చేతికి మైల లేదు కాబోలు!

సొలొమోను కంచం వదిలేసి లేచాడు. వాకిట్లోకి అడుగుపెట్టకుండా దడి పక్కనుంచే పిలిచాడు. "సార్! తిరుపతిరావు సార్!"

మాస్టరు చెయ్యి కడుక్కుంటూ వచ్చాడు.

"నీళ్ళల్లో ముంచుతున్నారు సార్. మైనం ఇంకా ఆరలేదు. కుట్టు వదిలేస్తది సార్, మా నాయన మీకు చెప్పాడుగా."

తిరుపతిరావు గంగాళం వైపు చూశాడు, చెన్నకేశవరావుగారి వైపు చూశాడు, చివరికి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "తెలుసయ్యా. నన్నేం చెయ్యమంటావ్? ఆయన సంతకం పెడితేనే నాకు జీతం. మ్యాచిలోపు కాస్త ఎండలో పెడదాంలే."

బంతి మూడుసార్లు మునిగి తేలింది. కుంకం పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. భవానీప్రసాద్ దాన్ని కళ్ళకద్దుకున్నాడు. సొలొమోను తిరిగొచ్చి మిగిలిన అన్నం తిని, కంచం తనే కడుక్కుని సంచిలో పెట్టుకున్నాడు. కోపం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు.

నాలుగింటికి గ్రౌండు చుట్టూ జనం. మునేరు అవతలి ఊళ్ళనుంచి కూడా బళ్ళు కట్టుకొచ్చారు. ఒక పక్క షామియానా కింద కుర్చీల్లో చెన్నకేశవరావుగారు, ఆయన పక్కన కళ్ళజోడు పెట్టుకుని, ఒళ్ళో నోటుబుక్కుతో యూనివర్సిటీ పెద్దమనిషి. ముళ్ళకంచె అవతల సాంబయ్య. కొడుకు ఆట చూసి రాత్రి లారీకి పోదామని ఆగిపోయాడు.

మొదటి విజిలుకే సంగతి తేలిపోయింది. బంతిని నేలకేసి కొడితే మోకాలిదాకా కూడా లేవడం లేదు. నీళ్ళు తాగిన తోలు బరువెక్కింది, పైన మట్టి పట్టి ఇంకా బరువెక్కింది. బెజవాడ జట్టు కెప్టెన్ రిఫరీ దగ్గరికెళ్ళి, తమ దగ్గర మంచి బంతి ఉందనీ దాంతో ఆడదామనీ మర్యాదగానే అడిగాడు. చెన్నకేశవరావుగారు కుర్చీలోంచి కూడా లేవలేదు. "మా గ్రౌండు, మా బంతి. పూజ చేసిన బంతిని పక్కన పెట్టిస్తావా, ఏం?" అన్నాడు. ఆతిథ్యమిచ్చేవాళ్ళ బంతితోనే ఆడటం ఆనవాయితీ కాబట్టి రిఫరీ అదే బంతితో ఆట సాగించాడు.

సొలొమోనుకు ఆ తోలు గుణం తెలుసు. బంతిని నేలకు కొట్టడం మానేశాడు. గుండెల దగ్గర పట్టుకుని, రెండడుగుల్లో తిరిగి, దగ్గర్లో ఉన్నవాడికి అందించి, మళ్ళీ అందుకుని బుట్టలోకి తోశాడు. భుజాలు దిగిపోతున్నాయి. అయినా ఆపలేదు. జట్టు వేసిన ముప్ఫై పాయింట్లలో పంతొమ్మిది అతనివే. అవతలివాళ్ళకు ముప్ఫై ఒకటి. వేసినప్పుడల్లా షామియానా కింద పెన్సిలు కదలడం కంటి చివర్నుంచి కనిపిస్తూనే ఉంది.

ఇంక ఏడు నిమిషాల ఆట ఉందనగా కుట్టు విడిపోయింది. లోపలి బ్లాడరు నిమ్మకాయంత బయటికి ఉబ్బింది. రిఫరీ విజిలు ఊది బంతిని నేల మీద పెట్టాడు. బెజవాడ కుర్రాడు తమ బంతి తెచ్చి దాని పక్కన పెట్టాడు. కొత్త తోలు, ఎండలో మెరుస్తోంది.

చెన్నకేశవరావుగారు ఈసారి లేచి వచ్చాడు. "ఆ బంతి అవతల పెట్టవయ్యా! కుట్టినోడేడీ? కంచె దగ్గరున్నాడుగా, పిలవండి. పది నిమిషాల్లో కుట్టి చావమనండి" అన్నాడు. తర్వాత పాలేరును పిలిచి, అంత జనంలోనూ గొంతు తగ్గించకుండా, "ఒరే బ్రహ్మయ్యా, ఇంటికెళ్ళి పసుపునీళ్ళ చెంబు పట్రా. కుట్టింతర్వాత రెండు చుక్కలు చల్లుదాం" అన్నాడు.

సాంబయ్య చెప్పులు కంచె దగ్గరే విడిచి, పనిముట్ల సంచి చంకన పెట్టుకుని గ్రౌండు మధ్యకొచ్చాడు. సున్నం గీత తొక్కకుండా దాటాడు.

"ఏం కుట్టావయ్యా నువ్వు? ఒక్కపూట ఆగలేదే! పెద్దవాళ్ళ ముందు పరువు తీశావు" అన్నాడు చెన్నకేశవరావు.

సాంబయ్య వంగి చూశాడు. కుట్టు పొడుగునా పసుపు దిగి ఉంది. వేలితో తాకి, వాసన చూశాడు. "నీళ్ళు తగిలినయ్యండి."

"శుభానికని రెండు చుక్కలు చల్లాం. దానికే విడిపోతే అదేం కుట్టు?"

"శుభానికాండి" అన్నాడు సాంబయ్య. ఎందుకు చల్లారో అర్థంకాని మనిషేం కాదు. అరవై ఏళ్ళుగా అర్థమవుతూనే ఉంది. గొంతుక్కూర్చుని సంచి మూతి విప్పాడు. ఆరె తీసి ముంగాలికి రుద్దుతూ, కొడుక్కి మాత్రమే వినపడేట్టు అన్నాడు. "తడితోలు కుట్టు పట్టదురా. అయినా ఏడు నిమిషాలు ఆపుతాలే. పెద్దాయన రాసుకుంటన్నాడు, చూశా. నువ్వు ఆడు నాయనా."

సొలొమోను తండ్రి బొటనవేలు చూశాడు. నిన్న దారం గుంజినచోట చర్మం చీలి ఉంది. ఆ చీలికలోకి పసుపు దిగింది. నిన్న పొద్దుటినుంచి ఈ ముసలాయన పచ్చి మంచినీళ్ళు ఎవరి దగ్గర తాగాడో, అసలు తాగాడో లేదో తను అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. తిమ్మిరెక్కిన కాలు చాచగానే సూదులు గుచ్చినట్టవుతుందే, అలా ఒళ్ళంతా గుచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐదు భోజనాలూ ఒక్కసారే గొంతుకడ్డం పడ్డాయి.

"నాయనా, ఆరె లోపల పెట్టు."

"ఊరుకోరా."

"లోపల పెట్టమన్నా." చెన్నకేశవరావు వైపు తిరిగాడు. "ఆ బంతి మా నాయన ముట్టుకోడండి."

"ఏమన్నావ్?"

"ముట్టుకోడన్నా. బాగా కుట్టిచ్చాడు, తడపొద్దని చెప్పాడు. మైలన్నారు, ముంచారు. శుద్ధి చేసుకుంది మీరేగా, కుట్టుకునేదీ మీరే కుట్టుకోండి. ఆడమంటే వాళ్ళ బంతితో ఆడతా."

తిరుపతిరావు పరుగున వచ్చి చెవి దగ్గర గొణిగాడు. "సొలొమోనూ, ఏడు నిమిషాలయ్యా, ఏడే! ఒక్క పాయింటు. నీ జీవితం బాగుపడుతుంది. ఈ ఒక్కసారికీ ఊరుకో."

"ఊరుకునే ఉన్నాగా సార్, సీజనంతా."

మాస్టరు వెనక్కి తగ్గాడు. భవానీప్రసాద్ ఆ బంతి వైపూ ఈ బంతి వైపూ చూస్తూ నిలబడిపోయాడు. మేనమామ మొహం ఎర్రబడింది. "వీణ్ణి బయటికి పంపండి. తొమ్మిదిమంది చాలు" అన్నాడు. ఆ తొమ్మిదిమందిలో ఒక్కడూ కదల్లేదు. ధైర్యం చేసి కదల్లేదో, భయపడి కదల్లేదో వాళ్ళకే తెలియాలి. షామియానా కింద పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. పెన్సిలు నోటుబుక్కు మీద పడి ఉంది.

సాంబయ్య ఆరె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. కొడుకు మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత ఆరెను సంచిలో వేసి, మూతి బిగించి, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, కొడుకు పక్కన నిలబడ్డాడు.

అప్పుడే బ్రహ్మయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఎక్కడ తొణికిపోతాయోనని చెంబు రెండు చేతులా పట్టుకున్నాడు. అక్కడేం జరిగిందో అతనికి తెలియదు. చిట్లిన బంతిని చూశాడు, కొత్త బంతిని చూశాడు, తండ్రీకొడుకుల్ని చూశాడు.

"నీళ్ళు తెచ్చానయ్యగారూ" అన్నాడు ఆయాసపడుతూ. "దేని మీద చల్లమంటారు?"