అప్పలకొండ వేసిన తీగ

నేను ఒక ఫాస్ట్ చార్జర్‌ని. కరెంటు మోటార్‌సైకిల్‌కి బయటినుంచి తగిలించే అల్యూమినియం పెట్టెను. బండితో వచ్చిన చార్జర్ అయిదు గంటల్లో చేసే పని నేను గంటన్నరలో చేస్తాను. అందుకు పదమూడు ఆంపియర్లు లాగుతాను. మనుషులకు గంటన్నర గుర్తుంటుంది, ఆంపియర్లు గుర్తుండవు.

నన్ను మొదట కొన్నాయన విశాఖలో ఉండేవాడు. అపార్టుమెంటు వాళ్లు భయపడి సెల్లారులో నన్ను పెట్టనివ్వలేదు. వాళ్లను చూసి నవ్వుకున్నాను. ఆయన నన్ను కొర్రా భీమన్నకు అమ్మేశాడు. భీమన్న ఘాటు కింది పెద్దాసుపత్రి నుంచి కొండ మీది ఆసుపత్రికి మందులు చేరవేస్తాడు.

ఒక మధ్యాహ్నం కొండ మీద ఒక పిల్లను రక్తపింజర కరిచింది. అక్కడ విషానికి మందు లేదు. భీమన్న పది సీసాలతో బయలుదేరాడు. ఘాటు మొదట్లోకి వచ్చేసరికి బండిలో ఆరు శాతం మిగిలింది. ఇంకా ఇరవై రెండు కిలోమీటర్లు ఎక్కాలి. అప్పలకొండ టీ హోటలు దగ్గర ఆగి, పిండి గ్రైండర్ ప్లగ్గు పీకి నన్ను పెట్టాడు.

రెండు నిమిషాలకు ఫ్యూజు పోయింది.

"ఏటి బావూ, నీ పెట్టె నా కొంపకి ఎసరెట్టీసింది!" అంది అప్పలకొండ.

"పిల్ల పాణం అక్కా. బేగి సూడు."

ఆమె చూరులోంచి రాగితీగ లాగి, రెండు పేటలు మెలేసి ఫ్యూజులో బిగించింది. "మా ఆయన ఏసింది నాలుగుసార్లు పోయింది. నానేసింది పోదు."

పోలేదు. నా భయం అక్కడ మొదలైంది. నేను వేడెక్కితే నన్ను ఆపే స్విచ్చు నాలో ఉంది. గోడలో తీగ కాలితే ఆపాల్సింది ఆ ఫ్యూజే. అంత లావు తీగ వేశాక దానికిక ఆపే శక్తి లేదు. ప్లగ్గులో నా కాళ్లు కాలుతున్నాయి. పైన తాటాకు, పక్కన గ్యాసుబండ. అరవడానికి నాకున్నది ఫ్యాను ఒక్కటే. అది ఎప్పటిలాగే తిరిగింది.

పద్నాలుగు శాతం. కొండ మీది నర్సు ఫోను చేసింది. "ఎక్కడున్నావన్నా? పిల్లకి చిగుళ్లలోంచి రక్తం కారుతోంది."

భీమన్న ప్లగ్గు మీద చెయ్యి వేసి, చురుక్కుమనగానే వెనక్కి లాక్కున్నాడు.

"కానియ్ బావూ, పిల్ల సచ్చిపోద్ది," అంది అప్పలకొండ.

"కొంపంటుకుంటే సీసాలూ పోతాయక్కా."

నా వెనక, లాగే కరెంటును తగ్గించే గుండీని సగానికి తిప్పాడు. పది నిమిషాల పని ఇరవై అయింది. అంతసేపూ తడి గోనె ఒక చేత పట్టుకుని, రెండో చేత్తో గోడను తడిమి చూస్తూ నిలబడ్డాడు. ఇరవై ఆరు శాతం రాగానే వెళ్లాడు. ప్లగ్గులో అతుక్కుపోయిన నన్ను వదిలేశాడు.

సాయంత్రం అప్పలకొండకి ఫోను వచ్చింది. పిల్ల బతికింది.

భీమన్న వేరే పెట్టె కొనుక్కున్నాడు. కరిగిన ప్లగ్గుతో నేను హోటలు గోడకి వేలాడుతున్నాను. "ఆరోజు నా తీగ నిలబడబట్టే పిల్ల దక్కింది," అని అప్పలకొండ వచ్చినవాళ్లకి నన్ను చూపిస్తుంది. గుండీ సంగతి ఎవరూ అడగరు. తీగ ఇంకా ఫ్యూజులోనే ఉంది.

ఇప్పుడే ఇంకో కరెంటు బండి ఆగింది. దిగినవాడి చేతిలో నాలాంటి పెట్టె.

"ఎట్టుకో బావూ," అంటోంది అప్పలకొండ, "నా ఫ్యూజు పోదు."