ఆగని గడప

సైదమ్మ ముప్పైమందికి జొన్నరొట్టెలు కొడుతూ, ఆ భువనగిరి మనిషి కౌసల్య మీది కడుపుమంటంతా పిండి మీద చూపిస్తోంది. సంఘం పనికని కౌసల్య నిన్న పొద్దున బండి దిగింది. దిగిందో లేదో, సైదమ్మ మొగుడు కృష్ణయ్య ఎదురెళ్లి చేతిసంచీ అందుకున్నాడు. పదహారేళ్ల కాపురంలో సైదమ్మ నెత్తి మీది కట్టెలమోపుకు ఆ చెయ్యి ఎన్నడూ రాలేదు.

ఇవాళ్టికి లచ్చయ్య పోయి ఏడాది. దొర గడీకి ఇక వెట్టి చేసేది లేదని ఊరి తరఫున మొదట నోరు తెరిచినవాడు ఆయనే. ఆయన పేరు మీద సంఘంవాళ్లు వాడబావి పూడిక తీస్తున్నారు. దానికో కట్టుబాటు పెట్టుకున్నారు. గడీ మనిషి వీధిలో నిలబడి కేకేస్తే చేతిలో పని వదిలి పరుగెత్తిన జనం కదా, అందుకని ఎవరినీ కేకేసి పిలవకూడదు. గడప గడపకూ పోయి అడగాలి, ఒప్పుకున్నవాళ్లే రావాలి. ఆ అడిగే పని కృష్ణయ్యది. నడుము వంగిన మారెమ్మనూ వదల్లేదు.

"అవ్వా, నీకిష్టమైతెనే. జరసేపు వచ్చి కూసుంటవా?"

కౌసల్యనైతే ఇంకా మెత్తగా అడిగాడు. "మాతోని మట్టి మోస్తవా కౌసల్యమ్మా? నీకు అలవాటున్నదో లేదో."

ఆ మెత్తదనం సైదమ్మను నిన్నటి నుంచీ నిలవనివ్వలేదు. బావి దగ్గర ఆ మనిషి కాలు జారితే బాగుండుననుకుంది, అనుకున్నందుకు లెంపలు కూడా వేసుకోలేదు. చీకటితో లేచి పేడ తీసింది, నీళ్లు మోసింది, పొయ్యి ముందు కూర్చుంది. "ఇంట్ల కూసోని చేసేది గూడ పనేనా?" అని అత్త బాలనర్సమ్మ ఎప్పటి మాటే అంది.

మధ్యాహ్నం రొట్టెల గంప దించేసరికి, సంఘం పెద్ద నర్సింహ పనికొచ్చినవాళ్ల పేర్లు చదువుతున్నాడు. కౌసల్య పేరు వచ్చింది. ఊరికే కూర్చున్న మారెమ్మ పేరూ వచ్చింది. సైదమ్మ పేరు రాలేదు.

"ఏమే, నీళ్లేవి?" అన్నాడు కృష్ణయ్య.

సైదమ్మ బిందె కోసం కదల్లేదు. ఆ సంచీ మోసుకుంటే మోసుకోనీ. చేస్తవా అని ఒక్కసారైనా, ఆ గొంతుతో, తనను అడిగింది లేదు. తాను కుళ్లుకున్నదంతా దానికే.

"అన్ని గడపలు తిరిగినవు గద. మనింటి గడప కాడ ఎందుకు ఆగలే?"

కృష్ణయ్య నవ్వాడు. "నిన్ను అడిగేదేంది? నువ్వు ఇంటి మనిషివి."

"దొర గూడ గట్లనే అనుకుండె. ఊరోళ్లు మనోళ్లేనాయె, అడిగేదేందని."

బావి లోపల తవ్వుతున్నవాళ్లు కూడా ఆగిపోయారు. కౌసల్య బిందె కోసం లేవబోయింది. సైదమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"నువ్వు కూసో చెల్లె. నిన్ను అడిగింది మట్టి మోయనీకె."

తాను మారెమ్మ పక్కన చతికిలబడి, కాళ్లు చాపుకుని మొగుడి వైపు చూసింది.

"మాపటి వంటకు మనిషి గావాలంటె వచ్చి అడుగు. ఒస్తనో రానో అప్పుడు చెప్త."