సమ్మెట ఏడో ఆల్బమూ, నాయుడి మెడా

నేను ఒక పాత స్పీకరు పెట్టెని, అదీ గుండెదిటవు లేని పెట్టెని. కరెంటు పోతే పాడైపోతానని, కరెంటు వస్తే పేలిపోతానని భయం. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కీడెంచడంతోనే నా బతుకంతా గడిచిపోయింది, మేలెంచే తీరిక దొరకలేదు.

గాజువాకలో ఒక వడ్రంగి నన్ను ప్లైవుడ్‌తో చేశాడు. మేకు కొట్టినప్పుడల్లా ఇక అయిపోయాననుకున్నాను. మొదట ఒక టెంట్ హౌసు వాళ్ళు కొనుక్కున్నారు. పెళ్ళి పందిట్లో పెడితే వాన పడుతుందేమోనని, గుడి ముందు పెడితే కోతి ఎక్కుతుందేమోనని బెంగ. దేవుడికి చెవుడని మనుషులకి ఎవరు చెప్పారో గానీ, భక్తి ముదిరిన కొద్దీ నా గొంతు పెంచేవారు.

అక్కడి నుంచి పైడినాయుడి చేతిలో పడ్డాను. లేతు మిషను మీద పనిచేస్తాడు. పగలంతా ఇనుము గోల వినేవాడు కదా, ఇంటికొస్తే ప్రశాంతంగా ఉంటాడనుకున్నాను. ఇంటికొచ్చి 'సమ్మెట' పాటలు పెట్టాడు. సమ్మెట అంటే మన విశాఖపట్నం కుర్రాళ్ళు ముప్పై అయిదేళ్ళ కిందట పెట్టుకున్న హెవీ మెటల్ బృందం. గిటార్లు రంపాల్లా కోస్తాయి, డ్రమ్ములు మెట్ల మీంచి బిందెలు దొర్లినట్టు మోగుతాయి, జోగారావు అనే గాయకుడు ఎవరో పీక పిసుకుతున్నట్టు అరుస్తాడు. మొదటిసారి ఇంట్లో ఎవరికో ఏదో అయిపోయిందనుకున్నాను.

నాయుడు ఊరికే విని ఊరుకునే రకం కాదు, సమ్మెట అభిమాన సంఘానికి అధ్యక్షుడు. సినిమా హీరోకి చేసినట్టే అన్నీ చేస్తారు. ఫ్లెక్సీ కడతారు, దండ వేస్తారు, కొబ్బరికాయ నా నెత్తిమీదే కొట్టబోతారు. వాళ్ళకొక ఆచారం ఉంది. కొత్త ఆల్బమ్ బయటికి రాకముందు జోగారావే స్వయంగా తెచ్చి నాయుడింట్లో నేనున్న గదిలో వినిపించాలి. పాటలు నడుస్తుండగా ఎవరూ నోరు విప్పకూడదు. అధ్యక్షుడు తల ఊపాలి. అమ్మవారు పూనినట్టు ఊపితే పాట అదిరినట్టు, మామూలుగా ఊపితే ఫరవాలేనట్టు. ఆయన ఊపాకే మిగతావాళ్ళు ఊపాలి. ఆరు ఆల్బమ్‌లకి అలాగే తీర్పు చెప్పాడు. ఆ మెడ ఏదో ఒకరోజు ఊడి నా మీద పడుతుందని నాకు ఒకటే దిగులు.

ఏడో ఆల్బమ్‌కి పదకొండేళ్ళు పట్టింది. ఈలోగా జోగారావు గుండెకి స్టెంటు పడింది. నాయుడి మెడ ఎముకలు అరిగిపోయాయి. డాక్టరు మెడకి గట్టి బెల్టు బిగించి, మూడు నెలల్లోపు తల ఊపితే చెయ్యి పడిపోతుందన్నాడు.

ఆ ఆదివారం పొద్దున నాయుడి భార్య నూకరత్నం బెల్టు సర్దుతూ, "తలకాయ ఊపేవంటే నానే ఇరిసేత్తాను. డాకటరు దాకా ఎల్లక్కర్లేదు" అంది.

"ఊపన్లేయే" అన్నాడు నాయుడు. కానీ బెల్టు కనబడితే అధ్యక్షుడి పరువు పోతుందని మెడ చుట్టూ నల్ల శాలువా చుట్టుకుని కూర్చున్నాడు. మే నెల! వడదెబ్బ తగులుతుందేమోనని నేను హడలిపోయాను.

జోగారావు వచ్చాడు. జుట్టుకి కొత్తగా రంగు వేశాడు. మెట్లెక్కిన ఆయాసం తీరాక పెన్‌డ్రైవు ఇస్తూ మెల్లగా అన్నాడు: "నాయుడూ, నీకు నచ్చకపోతే ఇంక ఆపేత్తానొరే. అరవయ్యేళ్ళోడి అరుపు ఎవులికి కావాల?"

సంఘం సభ్యులు ఎనిమిది మంది గోడవార కూర్చున్నారు. మొదటి పాట మోగించాను. నాయుడి తల కదల్లేదు. రెండోది. కదల్లేదు. ఊపబోయిన ఒక సభ్యుడి తల అధ్యక్షుణ్ణి చూసి దారిలోనే ఆగిపోయింది. మూడు, నాలుగు, అయిదు. జోగారావు జుట్టు రంగు చెమటతో కలిసి చెవి పక్కన నల్లగా దిగుతోంది. ఈయనకి ఇక్కడే ఏదైనా అయితే నింద నా మీదే పడుతుంది. శబ్దం నాది కదా.

ఆరో పాటలో అరుపు లేదు. ఒక్క గిటారు, జోగారావు మామూలు గొంతు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, పైకి వెళ్ళాలో కిందికి దిగాలో మరిచిపోయిన మనిషి గురించి. ఇంత నెమ్మదిగా నేనెప్పుడూ పాడలేదు. నా లోపల ఏ వైరో తెగిందనుకున్నాను.

అదే ఆఖరి పాట. నాయుడి తల అప్పటికీ రాయిలాగే ఉంది. జోగారావు లేచి పెన్‌డ్రైవు పీకేశాడు.

"అర్దమైపోనాదిలే. సమ్మెట అయిపోనాదని మావోళ్ళకి సెప్పేత్తాను" అని గుమ్మం దాకా వెళ్ళాడు.

"ఆగరా జోగీ!" నాయుడు శాలువా లాగేశాడు. బెల్టు బయటపడింది. గదంతా గొల్లున నవ్వింది.

"ఓర్నాయనో, పెసిడెంటుగారికి కుత్తిక్కి పలుపు కట్టేసేర్రా!" అన్నాడొకడు.

జోగారావు నవ్వలేదు. "మరైతే నోటితో సెప్పు. బాగుందా?"

అక్కడే వచ్చింది చిక్కు. నాయుడికి నోటితో చెప్పడం రాదు. ఇన్నేళ్ళూ మెడతోనే చెప్పాడు. బాగుందని ఒక్క అబద్ధమాడితే అందరి ప్రాణాలూ కుదుటపడేవి.

"అయిదు పాటలూ బాలేవురా" అన్నాడు. "పాతికేళ్ళ జోగారావుకి నువ్వు మిమిక్రీ సేసినట్టుంది. నాను పాట ఇనలేదు, నీ ఆయాసమే ఇన్నాను. ఎక్కడ పోతావోనని బయమేసింది."

'సంచలన విజయం' అని ఫ్లెక్సీ ముందే అచ్చు వేయించిన సభ్యుడు నేల చూపులు చూశాడు.

"ఆరోది?" అన్నాడు జోగారావు.

"అందులో నువ్వున్నావు. బెల్టు లేకపోయినా ఊపేవోణ్ణి కాదు. ఊపితే పాట ఒలికిపోతాది."

జోగారావు గుమ్మానికి ఆనుకున్నాడు. "ఒక్క పాటట్టుకుని ఆల్బమెలాగవుతాదిరా?"

"ఇంకో అయిదు రాయి."

"దీనికే పదకొండేళ్ళు పట్టింది."

"పట్టనీ. నానేటి, ఎక్కడికైనా పోతన్నానా?"

జోగారావు వెనక్కొచ్చి నాయుడి పక్కన చతికిలబడ్డాడు. "అయితే అందాకా బతికుండు."

"నువ్వూను" అన్నాడు నాయుడు.

ఆరో పాట మళ్ళీ పెట్టారు. ఇంకో అయిదు పాటలకి ఎన్నేళ్ళు పడుతుందో, ఇద్దరి మీదికీ ఇంకేం జబ్బులు వస్తాయో అని బెంగ మొదలుపెట్టబోయి ఆగాను. భయపడటం ఈ పాట అయ్యాక చూసుకోవచ్చు.